ఒడిబియ్యానికి సినిమా రంగు

మా ఆయన కెమెరా పట్టుకుంటాడు, నేను మౌస్ పట్టుకుంటాను. పెళ్లయిన కొత్తలో మా ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం ఇది. ఒక్కసారి తప్ప ఎప్పుడూ తప్పలేదు. ఆ ఒక్కసారి తప్పినందుకు ఎంత గత్తర అయిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క కోపం.

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో, జిరాక్స్ దుకాణం పైన మాకో గది ఉంది. బోర్డు మీద స్టూడియో అని రాసుంటుంది గానీ నేను గదే అంటాను. ఎండ పడితే తెర మీద రంగులు మోసం చేస్తాయని కిటికీకి దుప్పటి కట్టి ఉంచుతాను. పెళ్లిళ్లు, చీరకట్టు ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏవైనా సరే ఆయన తీసుకొచ్చి నా ముందు కుమ్మరిస్తాడు. నేను వాటిని ఏరి, కోసి, వరుసలో పేర్చి, రంగు దిద్ది ఇస్తాను. మా వైపు దీన్ని మిక్సింగ్ అంటారు. పెళ్లిళ్ల సీజన్లో తిండికి కూడా లేవనివ్వదు ఈ పని. అయినా నాకిష్టం. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల సంతోషాన్ని కూర్చుని చూసే భాగ్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి? ఎవరి మేనత్త ఎవరి మీద అలిగిందో, ఏ పెదనాన్న భోజనాల దగ్గర మొహం మాడ్చుకున్నాడో, వాళ్లింట్లో వాళ్లకంటే ముందు నాకే తెలుస్తుంది.

అందులోనూ రంగు దిద్దడం అంటే నాకు ప్రాణం. ఇప్పటి కెమెరాలు బొమ్మను కావాలనే వెలిసిపోయినట్టు, బూడిద చల్లినట్టు తీస్తాయి. తర్వాత మనకు నచ్చినట్టు దిద్దుకోవడానికి అదే వీలు. ఆ దిద్దే పనికి లట్ అని ఒకటి ఉంటుంది. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, అదొక పట్టిక. ఫలానా ఎరుపు వస్తే ఈ ఎరుపు చూపించు, ఫలానా నీలం వస్తే ఆ నీలం చూపించు అని ప్రతి రంగుకూ ముందే కట్టిపెట్టిన లెక్క. క్లిప్పు మీద అది వేయగానే బొమ్మంతా మారిపోతుంది. ఒక క్లిప్పుకు వేసింది కాపీ చేసి, మిగతా వాటన్నింటినీ ఒక్కసారే పట్టుకుని అతికిస్తే అన్నింటికీ అదే రంగు వచ్చేస్తుంది.

తిరకాసంతా అక్కడే ఉంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీసినదీ, పందిట్లో ఎండకు తీసినదీ, మా కెమెరాతో తీసినదీ, కిరాయికి తెచ్చిన రెండో కెమెరాతో తీసినదీ ఒక్క తీరుగా ఉండవు. అందుకే నేను ముందు వాటిని గుంపులు చేసుకుంటాను. గుంపుకో క్లిప్పు తీసి, లట్ వేసి, పసుపు చూస్తాను, కుంకుమ చూస్తాను, మనిషి మొహం చూస్తాను. మూడూ కుదిరితేనే ఆ గుంపుకంతా అతికిస్తాను. మా ఆయనకు ఇదంతా ఉత్త చాదస్తంగా కనిపిస్తుంది.

"అన్నిటికి ఒక్కటే కొట్టి పారెయ్యక, ఒక్కొక్కటి పట్టుకోని గీకుతవేందే?" అంటాడు.

"నీ అంగీలన్ని, నా చీరలన్ని ఒక్క బకెట్ల నానబెట్టి సూడు, ఏమైతదో. గిది గూడ గంతే," అంటాను నేను. ఆయన నవ్వేసి కెమెరా బ్యాగు సర్దుకుంటాడు. మనిషి మంచివాడే, తొందరొక్కటే రోగం.

ఇక అసలు సంగతి. మిర్యాలగూడలో ఒకామె, ఆమె భర్త కలిసి రైస్ మిల్లులకు పాత గోనెసంచులు కుట్టిచ్చే షెడ్డు నడుపుతారు. ఆ రెక్కల కష్టం మీదే కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం తీయడానికి మమ్మల్ని మాట్లాడుకున్నారు. ముందురోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

"అక్కా, కడమయన్ని ఎట్లనన్న తియ్యిండ్రి. ఒడిబియ్యం మాత్రం మంచిగ రావాలె. మా వదిన సూడాలె," అంది.

"ఏం, మీ వదిన వస్తలేదా?"

"యాడొస్తది అక్కా, కాలు ఇరిగి మంచంల ఉన్నది."

అంతే, అక్కడి నుంచి కథంతా చెప్పుకొచ్చింది. వాళ్ల అన్న కోదాడలో ఉంటాడు. కొన్నేళ్ల కింద ఈమె కూతురి చెవులు కుట్టే ఫంక్షన్‌కు, పనుల హడావిడిలో, ఈమె భర్త కోదాడకు ఫోన్‌లో పిలుపు చెప్పి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని వదిన అలిగింది. అలిగితే అలిగింది, మాటలు కూడా బంద్ అయ్యాయి. అన్న మాత్రం బజారుకొచ్చినప్పుడు దొంగచాటుగా చెల్లెలికి ఫోన్ చేసి మాట్లాడేవాడట. ఇల్లు కట్టాక ఈమె ఇక పంతాలు పక్కన పెట్టి, కుంకుమ భరిణె పట్టుకుని తనే కోదాడ బస్సెక్కింది. మొదట వదిన మొహం తిప్పుకుందట. బొట్టు పెడుతుంటే ఏడ్చిందట. చివరికి, "ఒడిబియ్యం నేనే కలుపుతా, నేనే వచ్చి పోస్తా," అందట. తీరా అన్నీ కొని పెట్టుకున్నాక స్నానాలగదిలో కాలుజారి పడింది. అయినా మంచం మీద కూర్చునే బియ్యంలో పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికబట్ట అన్నీ సర్ది, మూట కట్టి భర్త చేతికిచ్చి పంపించింది.

కొత్త ఇంట్లో అడుగుపెట్టిన ఆడపిల్ల ఒడిలో పుట్టింటివాళ్లు పసుపు బియ్యం పోయడమంటే మాటలు కాదు. నాకూ వెనక మనుషులున్నారని ఆమె నలుగురిలో తలెత్తుకునే రోజు అది. ఆ బియ్యం తర్వాత వండి, అయినవాళ్లందరికీ పెట్టాలి. ఇన్నేళ్ల అలక ఆ బియ్యంతో తీరిపోతుందని ఆమె ఆశ. ఫోన్ పెట్టేసేముందు ఇంకోసారి చెప్పింది, "మా వదిన సూసి సంబురపడాలె అక్కా," అని.

గృహప్రవేశం బాగా జరిగింది. అన్న, వాళ్ల పెద్దమ్మ కలిసి ఒడిబియ్యం పోశారు. ఆమె కొంగు పట్టి కూర్చుని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మా ఆయన దగ్గరికెళ్లి, లైటు బాగా పడేలా పెట్టించి, దోసిళ్లలోంచి జారే ఒక్కొక్క గింజా కనిపించేలా తీశాడు. అలా తీయడంలో ఆయనకు ఆయనే సాటి, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను.

ఆ వారంలోనే హుజూర్‌నగర్‌లో మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం. నేను వెళ్లి రెండు పూటలు ఉండి వచ్చేసరికి మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మీసం దువ్వుకుంటున్నాడు.

"మిర్యాలగూడ పని ఖతం. లింకు గూడ పంపిన," అన్నాడు.

"ఎవరు చేసిన్రు?"

"నేనే. ఏమనుకున్నవ్? దోస్తు కొత్త లట్ పంపిండు, ఎంత మంచిగున్నదో తెలుసా! ఒక్క క్లిప్పుకు పెట్టిన, అన్నిటికి అతికించిన. మొత్తం సినిమా లెక్క వచ్చింది."

నేను చెప్పులు కూడా విప్పకుండా తెర ముందు కూర్చోబోయాను. ఆలోపే ఫోన్ మోగింది. మిర్యాలగూడ ఆమె.

"అక్కా, కొంప ముంచిన్రు. ఒడిబియ్యం తెల్లగెందుకున్నయి?"

లింకు తెరిచి చూశాను. నిజమే. ఆ లట్ ఏ చల్లటి దేశంలో పెళ్లిళ్ల కోసం తయారుచేశారో గానీ పసుపు కనిపిస్తే చాలు పీల్చేస్తోంది. గడపకు పూసిన పసుపు సున్నంలా ఉంది. మామిడాకులు ఎండినట్టున్నాయి. ఇక లైటు పడ్డ ఒడిబియ్యం అయితే మల్లెపూలంత తెల్లగా ఆమె ఒడిలోకి జారుతున్నాయి. పసుపు లేని బియ్యం ఏ వేళలో వాడతారో మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కానీ ఆ లింకు చూసిన కోదాడ వదిన బాధ అపశకునం గురించి కాదట. ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. తను కలిపి పంపింది పసుపు బియ్యం. వీడియోలో పోసింది తెల్ల బియ్యం. అంటే తన బియ్యాన్ని పక్కన పడేసి, ఆడబిడ్డ తన ఊరి మిల్లు బియ్యం పోయించుకుంది. అంతకంటే అవమానం ఇంకేముంటుంది? "నా చేతి బియ్యం పనికిరాలేదా నీకు?" అని ఒక్క మాట అడిగి ఫోన్ పెట్టేసిందట. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదట.

"ఇన్నొద్దులకు కలిసినం అక్కా. మల్లా పాయె," అని మిర్యాలగూడ ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు మా ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఆ పూట ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. జిరాక్స్ దుకాణం అతను పైకొచ్చి తలుపులోంచి తొంగిచూసి మళ్లీ కిందికి వెళ్లిపోయాడని మాత్రం చెప్తాను.

ఆ పట్టిక మొత్తం పీకి పారేసి, మళ్లీ మొదటి నుంచి గుంపులు చేశాను. మా ఆయన నోరెత్తకుండా టీలు తెచ్చిచ్చాడు. ఒడిబియ్యం గుంపుకు వేరే లట్ వేసి, బియ్యం బియ్యంలా, పసుపు పసుపులా, ఆమె మొహం ఆమె మొహంలా కనిపించేదాకా దిద్ది, కొత్త లింకు కోదాడ అన్నకు పంపించాను. అమ్మయ్య అనుకున్నాను. మర్నాడు ఆ అన్న ఫోన్ చేసి, భార్య వినకుండా కాబోలు, గుసగుసగా చెప్పాడు.

"అమ్మా, పని ఇంకా చెడింది. తప్పు బయటపడేసరికి కంప్యూటర్లో పసుపు పూసి పంపించారు అంటంది మా ఆవిడ."

చూశారా, ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఒకసారి తెల్లగా చూపించి, గొడవయ్యాక పసుపుగా చూపిస్తే నేనైనా నమ్మను. ఇక ఫోన్లతో, లింకులతో తేలేది కాదని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. "కెమెరా, లైటు పట్టుకోని నడువు," అన్నాను మా ఆయనతో. నా వెనకే కోదాడ బస్సెక్కాడు. దారి పొడుగునా కిటికీలోంచి వరికోతలు చూస్తూ కూర్చున్నాడే తప్ప నా వైపు తిరిగితే ఒట్టు.

కోదాడ వదిన ముందుగదిలో మంచం మీద ఉంది. కాలికి కట్టు, కాలి కింద రెండు దిండ్లు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. మమ్మల్ని చూడగానే ముందు మంచినీళ్లు ఇప్పించి, తర్వాత మొదలుపెట్టింది.

"చూడమ్మాయ్, నేను పెద్దగా చదువుకోలేదు. అట్లని పసుపుకూ తెలుపుకూ తేడా తెలీనిదాన్ని కాదు. ఈపాటికి నా బియ్యం ఏ కోళ్లకో చల్లేసుంటది నా ఆడపడుచు."

"నేనే పోశాను కదే, ఆ మూటే విప్పి పోశాను," అన్నాడు అన్న మెల్లగా.

"మీరు ఊరుకోండి. మీ చెల్లెల్ని వెనకేసుకు రావడం మీకు కొత్తా?"

మా ఆయనకు ఉత్సాహం వచ్చి, "అక్కా, కెమెరాల పడ్డది పడ్డట్టే సూపిస్తం, ఏం కలపలే," అని అసలు క్లిప్పు తెరిచాడు. నేను ఆపేలోపే అయిపోయింది. చెప్పాను కదా, ఇప్పటి కెమెరాలు బూడిద చల్లినట్టు తీస్తాయని. బియ్యం బూడిద రంగులో, పసుపు జాడ కూడా లేకుండా కనిపించాయి.

"ఇందులో ఇంకా అధ్వాన్నంగా ఉన్నాయిగా!" అంది వదిన. మా ఆయన తల పైకెత్తి ఫ్యాను చూడటం మొదలుపెట్టాడు.

ఆమెకు రంగుల పట్టిక గురించి పాఠం చెప్తే ఎక్కుతుందా? ఎక్కదు. నా అత్తగారికి చెప్పినా ఎక్కదు. కంటితో చూస్తే తప్ప నమ్మనిదాన్ని కంటికే చూపించాలి. "అక్కా, మీ ఇంట్ల బియ్యం, పసుపు జర తెప్పిస్తరా?" అన్నాను.

"ఎందుకు?"

"మీ చేతితోనే మల్లా కలపండి. మీ కండ్ల ముంగటనే మా ఆయన తీస్తడు. కెమెరా గదే, లైటు గదే."

నన్ను ఎగాదిగా చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను. కానీ పళ్లెంలో బియ్యం, గిన్నెలో పసుపు ముందుకు వచ్చేసరికి ఆమె చేతులు ఊరుకోలేదు. కొంచెం నెయ్యి అడిగి చేతులకు రాసుకుని, బియ్యంలో పసుపు చల్లి, గింజ గింజకూ పట్టేలా కలిపింది. కలుపుతూనే, "పైపైన చల్లితే కాదు, ఇట్లా అరచేత్తో రాయాలి," అని నాకు నేర్పింది. మా ఆయన లైటు పెట్టి, దోసిలితో ఎత్తి పోయమన్నాడు. పోసింది. తీశాడు.

ఆ క్లిప్పును ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, మిర్యాలగూడ ఒడిబియ్యం క్లిప్పు పక్కనే పెట్టాను. రెండూ బూడిదగానే ఉన్నాయి. "సూడక్కా, ఇప్పుడే కలిపిన మీ బియ్యం గూడ గట్లనే ఉన్నయి," అన్నాను. ఆమె మంచం మీద ముందుకు జరిగింది. రెండు క్లిప్పుల్నీ కలిపి పట్టుకుని, మా ఆయన ముచ్చటపడ్డ ఆ దిక్కుమాలిన లట్‌ను అతికించాను. రెండు చోట్లా బియ్యం ఒక్కసారే మల్లెపూలయ్యాయి. అది తీసేసి, నేను దిద్దిన లట్‌ను రెండింటికీ కలిపి అతికించాను. రెండు చోట్లా ఒక్కసారే పసుపు వచ్చింది.

"మళ్లీ చెయ్యి," అంది.

మళ్లీ చేశాను. తెరలో ఆమె చేతులు తెల్లగా అయినప్పుడు ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. అవి ముదురు పసుపుగా ఉన్నాయి. తెర చూసింది, చేతులు చూసుకుంది.

"ఇదేం మాయరోగమమ్మా!" అంది. గొంతులో అంతకుముందున్న బింకం లేదు. తర్వాత, "నేను దాన్ని అనరాని మాట అన్నాను," అంది తనలో తనే అనుకుంటున్నట్టు.

"ఫోన్ చెయ్యండక్కా."

"ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

నాకు ఓపిక తక్కువని ముందే చెప్పాల్సింది. నా ఫోన్ తీసి మిర్యాలగూడకు కలిపి, స్పీకర్ పెట్టి మంచం మీద పెట్టేశాను.

"అక్కా, చెప్పు," అంది అటు నుంచి మిర్యాలగూడ ఆమె. వెనక కుట్టుమిషన్ల చప్పుడు.

నేను ఫోన్‌ను వదిన వైపు జరిపాను. వదిన గొంతు సవరించుకుంది. "నేను," అంది.

మిర్యాలగూడ ఆమె ఏదో సైగ చేసింది కాబోలు, అక్కడ మిషన్లు ఆగిపోయాయి.

"వదినా? కాలు ఎట్లున్నది? నొప్పి తగ్గిందా?"

కోదాడ వదిన పెదవి బిగబట్టింది. క్షమించమని అడుగుతుందనుకున్నాను. ఆమె ఆ మాట అనలేదు. "ఆ బియ్యం ఏం చేశావ్?" అని అడిగింది.

"ఏం చేస్త? దేవుని అర్రల మూట కట్టి పెట్టిన."

"ఇంకా వండలేదా?"

"నువ్వు లేకుండ ఎట్ల వండుత? నీ కాలు మంచిగైనంక నువ్వొస్తే, అప్పుడు వండుదామని ఉన్న."

"పిచ్చిదానా, అన్ని రోజులు ఉంచితే పురుగు పట్టదూ!"

"ఎందుకు పడతది వదినా? గంత పసుపు కలిపినవ్."

వదిన ఆ పసుపు చేతుల్నే మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. అటు నుంచి, "వదినా, ఏమైంది, వదినా," అని ఒకటే పిలుపు. నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. మా ఆయన ఇంకా ఫ్యానే చూస్తున్నాడు, కానీ ముక్కు ఎగపీల్చడం నాకు వినిపించింది.

చివరికి వదిన కొంగుతో మొహం తుడుచుకుని భర్త వైపు తిరిగింది.

"కారు మాట్లాడండి. కాలు నయమయ్యేదాకా ఆగేది లేదు," అంది. తర్వాత పళ్లెం వైపు చూపించింది. "ఈ కలిపిన బియ్యం కూడా మూట కట్టండి. ఈసారి నేనే పోస్తా."